గంజాయి వాసనలోని టెర్పీన్లు మోకాలి నొప్పికి పనిచేస్తాయా?

వంశధార_గట్టు (గుణుపురం):
మా వైపు ఈమధ్య ‘టెర్పీన్ నూనె’ అని చిన్న సీసాలు చేతులు మారుతున్నాయి. శీలావతి రకం గంజాయిలోంచి వాసన ఒక్కటే తీశాం, మత్తుండదు, మోకాళ్లకి రాస్తే చాలు అని అమ్మేవాళ్ల మాట. ఇందులో నిజమెంత? మిరియాల్లోనూ అదే పదార్థం ఉందంటారు, మరి గంజాయిదాకా ఎందుకు? అరవై దాటినవాళ్లకి సుగంధ తైలం ఏదైనా రాయాలంటే ఎంత కలపాలి?

ఆకులు_వేళ్లు (బరంపురం, ఫార్మసీ బోధన):
వాసన వేరు, మత్తు వేరు అన్నంతవరకు నిజమేనండి. మత్తిచ్చేది టీహెచ్‌సీ. 1964లో మెషూలమ్, గావొనిలు దాన్ని విడదీశారు. దానికి వాసన లేదు. వాసన టెర్పీన్లది. పూత మీద మంచుబిందువుల్లా మెరిసే జిగురు బొడిపెల్లో రెండూ తయారవుతాయి. చిక్కంతా అక్కడే ఉంది: ‘వాసన ఒక్కటే తీశాం’ అన్నవాడి సీసాలో టీహెచ్‌సీ లేదని పరీక్ష చేయిస్తే తప్ప తెలీదు.

ఎండిన పువ్వు బరువులో టెర్పీన్లు సాధారణంగా ఒకటి రెండు శాతం. మిర్సీన్ నిమ్మగడ్డిలోనూ ఉంటుంది, లిమొనీన్ బత్తాయి తొక్కలో, పైనీన్ కర్పూర తైలంలో, లినలూల్ కొత్తిమీర గింజలో, బీటా-కారియోఫిలీన్ మిరియం, లవంగం, కరివేపాకుల్లో. గంజాయికంటూ ప్రత్యేకమైనది వీటిలో ఒక్కటీ లేదు.

నొప్పి, వాపుల సంగతికొస్తే చెప్పుకోదగ్గది కారియోఫిలీన్. మన ఒంట్లో సీబీ2 అనే గ్రాహకం (రసాయనాలు వచ్చి అతుక్కునే చోటు) ఉంది, ఎక్కువగా రోగనిరోధక కణాల మీద. కారియోఫిలీన్ దానికి అతుక్కుంటుందని 2008లో చూపించారు. ఎలుకలకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాముల చొప్పున నోటిద్వారా ఇస్తే పాదం వాపు తగ్గింది. సీబీ2 లేకుండా పుట్టించిన ఎలుకల్లో తగ్గలేదు. అందుకే ఆ ప్రయోగానికి విలువ. అయితే అది ఎలుక, అదీ తాగించిన మందు. మనిషి మోకాలి మీద రాసిన నూనెకి ఆ ఫలితాన్ని అంటగట్టడం తప్పు.

లిమొనీన్ మీద 2024లో మనుషుల్లోనే ఒక ప్రయోగం వచ్చింది. టీహెచ్‌సీతో కలిపి ఆవిరిగా పీలిస్తే, టీహెచ్‌సీ వల్ల పుట్టే ఆందోళన కొంత తగ్గింది. పాల్గొన్నది 20 మంది. ఆ ప్రయోగానికి నొప్పితో సంబంధం లేదు.

నిమ్మగడ్డి_బట్టీ (కొరాపుట్, తైలం తీసే పని):
లెక్క నేను చెప్తాను. కిలో మిరియాలు బట్టీ పెడితే తైలం 20 నుంచి 30 మిల్లీలీటర్లు వస్తుంది. అందులో కారియోఫిలీన్ పావువంతు ఉందనుకుంటే, గ్రాము మిరియాల్లో సుమారు ఐదారు మిల్లీగ్రాములు. తైలం పరీక్ష రిపోర్టులో ‘కారియోఫిలీన్ 25 శాతం’ అని రాసుంటే అది తైలంలో వాటా, గింజలో కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మిరియం కారం పైపరీన్‌ది, అది తైలంలోకి రాదు. సీసా మూత తీసి వాసన చూసి ‘ఘాటుగా ఉంది, బలమైనది’ అనుకోవద్దు.

పెద్దవాళ్ల చర్మానికి ఒక శాతం చాలు. 100 మిల్లీలీటర్ల నువ్వులనూనెలో ఒక మిల్లీలీటరు తైలం, అంటే సుమారు 20 చుక్కలు. ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండ్రోజులు ఆగాలి. ఎర్రబడితే ఆపెయ్యాలి. పుండు మీద, పగిలిన చర్మం మీద వద్దు. రాసి వేడికాపడం పెడితే మండుతుంది, అదీ వద్దు.

పాతబడిన తైలం మరీ ప్రమాదం. లిమొనీన్, లినలూల్ గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతాయి, దురద, దద్దుర్లు వచ్చేది ఎక్కువగా ఆ మారిన పదార్థంతోనే. గోధుమరంగు గాజు సీసాలో అంచుదాకా నింపి చల్లటి చోట పెట్టండి. సగం ఖాళీ అయితే చిన్న సీసాలోకి మార్చండి. బత్తాయి తైలం ఒక చుక్క థర్మకోల్ మీద వేసి చూడండి, కాసేపటికి అక్కడ గుంట పడుతుంది. అలాంటిదాన్ని మెత్తని ప్లాస్టిక్ డబ్బాలో పోసి అమ్ముతుంటే, కరిగిన ప్లాస్టిక్ కూడా మీ మోకాలికే.

ఆకులు_వేళ్లు:
తాగడం మాత్రం వద్దండి. కర్పూర తైలం, యూకలిప్టస్ తైలం పిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. వార్ఫరిన్ (రక్తం పలచబరిచే మందు) వేసుకునేవాళ్లు సీబీడీ (గంజాయిలోని మత్తివ్వని మరో పదార్థం) ఉన్న నూనె దేన్నైనా డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోవద్దు, రక్తం మరీ పలచబడొచ్చు.

సరిహద్దు_చూపు (మల్కాన్‌గిరి):
చట్టం ముక్క కూడా వినండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. మొక్క పెంచితే పదేళ్లదాకా కఠిన శిక్ష, లక్షదాకా జరిమానా. పూత కొనల్లోంచి తీశానని అమ్మేవాడే ఒప్పుకుంటున్నాడు, ఆ సీసా ఇంట్లో పెట్టుకుంటే చిక్కు కొన్నవాళ్లకీ చుట్టుకుంటుంది. 2021 నుంచి ఆహారంగా అనుమతి ఉన్నది హెంప్ గింజ (గంజాయి జాతి మొక్క గింజ), దాని నూనె, పిండి. ఆ గింజ నూనెలో టెర్పీన్లు ఉన్నా లేనట్టే. రెండూ ఒకటేనని చెప్పేవాడి దగ్గర ఏదీ కొనొద్దు.

వంశధార_గట్టు:
చాలా సాయం చేశారండి. ఇంట్లో లవంగ తైలం ఉంది, డ్రాపర్ రబ్బరు ఉబ్బి జిగురుగా అయింది. వాడొచ్చా?

నిమ్మగడ్డి_బట్టీ:
పారబోయండి, రబ్బరు అందులోకి దిగిపోయింది. కొత్తది కొంటే డ్రాపర్ విడిగా, మూత గట్టిగా ఉన్నది చూసుకోండి. పైగా లవంగ తైలంలో సుమారు ముప్పావు వంతు యూజినాల్. చర్మాన్ని మండిస్తుంది. దానికి అర శాతం, అంటే 100 మిల్లీలీటర్లకి పది చుక్కలు, అంతకు మించొద్దు.