ఎమ్మెస్సీ నర్సింగ్ చేయాలా వద్దా? బెంగళూరులో ఐసీయూ డ్యూటీలు చేసేవాళ్లు చెప్పండి

హిందూపురం పిల్ల:
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయిపోయి నాలుగేళ్లు. అప్పట్నుంచీ బెంగళూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నా. వయసు 27, చేతికొచ్చేది 28 వేలు. మా నాయన ఎమ్మెస్సీ చేయమంటాడు. లెక్చరర్ అయితే నైట్ డ్యూటీలు తప్పుతాయంట, సంబంధాలూ బాగొస్తాయంట. నా రూమ్మేటేమో జర్మన్ క్లాసుకు రమ్మని రోజూ ప్రాణం తీస్తాంది.

నా ఇబ్బంది వేరే. నాకు ఐసీయూ పనంటేనే ఇష్టం. వెంటిలేటర్ అలారం కొడితే ట్యూబులో కఫం అడ్డుపడిందా, పేషెంటు ట్యూబు కొరుకుతున్నాడా అనేది బెడ్ దగ్గరికి పోయేలోపలే సగం తెలిసిపోతాది. మా యూనిట్లో ఎమ్మెస్సీ చేసొచ్చిన అక్క ఒకామె ఉంది. ఆమె జీతం నాకంటే 1,500 ఎక్కువ. ఆమెకూ అవే బెడ్లు, అదే చార్టింగు. దానికోసం నేను రెండేళ్లు ఉద్యోగం మానేస్తే పోయే జీతమే 6,72,000. ఫీజూ హాస్టలూ ఇంకా కలపలే. చదివితే నా పని ఏమన్నా మారుతుందా? నాకు కావాల్సింది దానికి జవాబు.

మాష్టారమ్మ:
హిందూపురం పిల్ల గారూ, పదిహేనేళ్లుగా నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నానండి. బీఎస్సీతో వస్తే ట్యూటర్‌గా చేరి ట్యూటర్‌గానే ఉండిపోతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ నుంచి పైకి ఎమ్మెస్సీ లేనిదే కుదరదు. 1,500 ఇవాళ్టి తేడా. నలభై ఐదేళ్లొచ్చి, నడుం పట్టేసి, పేషెంటును పక్కకు తిప్పడానికి మనిషి సాయం కావాల్సొచ్చిన రోజున లెక్క ఇలాగే ఉండదు. సీటుకు బీఎస్సీలో 55 శాతం, ఆ తర్వాత ఏడాది అనుభవం అడుగుతారు. 1946లో వెల్లూరులోనూ ఢిల్లీలోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలుపెట్టినప్పుడు కూడా ‘బెడ్లు సర్దడానికి డిగ్రీ ఎందుకు’ అన్నవాళ్లు ఉండే ఉంటారు.

నైట్ డ్యూటీ నాగమణి:
మేడమ్, ఆ పిల్ల అడిగింది బెడ్ గురించి, మీరు చెప్పింది కుర్చీ గురించి!

చెల్లీ, నీకు 27 కదా. ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షకు గరిష్ఠ వయసు 30. బీఎస్సీ చాలు, ఎమ్మెస్సీ అడగరు. కేంద్ర ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసర్ మూలవేతనమే 44,900, అలవెన్సులు వేరే. ఎమ్మెస్సీకి పోయి బయటికొచ్చేసరికి నీకు 29 దాటుతాయి. అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకూ పీజీ అక్కర్లేదు. జర్మనీకి కావాల్సింది బీ2 స్థాయి జర్మన్ భాష. బ్రిటన్ పోతే మాష్టారమ్మ గారి శిష్యురాలైనా నువ్వైనా మొదలయ్యేది బ్యాండ్ 5 అనే జీతం మెట్టులోనే.

కదిరి కుర్రోడు:
చిన్న సవరణ. నార్సెట్‌లో ఓబీసీకి 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు వయసు సడలింపు ఉంది. ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో ఉండల్ల, అది చూసుకోండి.

నిర్వాహకుడు:
కాలేజీకి రాకుండానే ఎమ్మెస్సీ ఇప్పిస్తామన్న కన్సల్టెన్సీ పోస్టులు నాలుగు తీసేశాం. ఐదోది పెడితే ఖాతా పోతుంది.

బళ్లారి రోడ్డు:
నేను బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేశాను. నా పని మారింది. ఎలా మారిందో చెబుతాను.

అంతకు ముందు మెడికల్ వార్డులో చేసేదాన్ని. మదనపల్లి వైపు నుంచి పురుగుమందు తాగిన ఒకావిడను తెచ్చారు. ప్రాణాపాయం తప్పాక, అత్తా ఆడబిడ్డా పక్కనే నిలబడి ఉండగా, ‘ఎందుకు తాగావమ్మా, పిల్లల మొహమైనా చూడొద్దా’ అన్నాను. అది ఓదార్పే అనుకున్నాను. ఆవిడ డిశ్చార్జ్ అయ్యేదాకా నాతో మళ్లీ మాట్లాడలేదు. ఇప్పుడైతే కర్టెన్ లాగి, స్టూలు వేసుకుని కూర్చుని, ‘చచ్చిపోవాలనే ఆలోచన ఇంకా వస్తోందా’ అని సూటిగా అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేనూ భయపడేదాన్ని. అలా జరగదని చదివాను, ఆ తర్వాత వార్డులో చూశాను.

ఇంకొకటి. నిమ్హాన్స్‌కు మన అనంతపురం, చిత్తూరు వైపు జనం చాలామంది వస్తారు. వాళ్లు దిగులుగా ఉందనరు. ‘తల దిమ్ముగా ఉంది’, ‘ఒళ్లంతా మంటలు’, ‘గుండెల్లో గాబరా’ అంటారు. మొదట్లో నేను కన్నడ డాక్టరుకు ‘తలనొప్పంట సార్’ అని చెప్పేసేదాన్ని. ఆ మాట వెనకాల ఏముందో తవ్వడం నర్సు పనే అని నాకు తెలిసింది పీజీలోనే. తెలుగు నాకు పుట్టుకతోనే వచ్చు. అయినా వినడం మాత్రం నేర్చుకోవాల్సొచ్చింది.

అందరూ టీచింగ్‌కే పోవాలని కూడా లేదు. 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి ఒక పద్ధతి నడిపారు. 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. ఆ బృందంలో సైకియాట్రిక్ నర్సుకు చోటుంది.

డబ్బు సంగతీ దాచను. పీజీ అయ్యాక మొదటి రెండేళ్లు నా జీతం పాతదానికంటే పెద్దగా పెరగలేదు.

నైట్ డ్యూటీ నాగమణి:
అక్కా, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నిమ్హాన్స్ సీటు ఎంతమందికి దొరుకుతుంది? మా పిన్ని కూతురు ఇక్కడే ఒక కాలేజీలో ఎమ్మెస్సీ చేసింది. చేసింది అంటే, పరీక్షలకు వెళ్లింది. అటెండెన్సుకు వేరే కట్టింది, థీసిస్ ఎవరిచేతనో రాయించింది. మధ్యలో మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు ట్యూటర్. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) డ్రెస్సింగ్ చూపించమని పిల్లలు అడిగితే ‘వార్డు సిస్టర్ చూపిస్తుంది’ అంటుందంట. ఆ వార్డు సిస్టర్ బీఎస్సీ!

మాష్టారమ్మ:
అలాంటి కాలేజీలు ఉన్నాయండీ, కాదనను. మా స్టాఫ్‌రూంలోనూ అలా వచ్చినవాళ్లున్నారు. ఇంతకు మించి ఇక్కడ రాయలేను.

కరీంనగర్ కోడలు:
మీరంత ఎమ్మెస్సీ మంచిదా చెడ్డదా అని కొట్లాడుతున్నరు గని, సదివినంక ఏం పని చేతికిస్తరనేది ఎవలు అడుగుతలేరు. మా కరీంనగర్ సర్కారు దవాఖానల 2017ల స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలువెట్టిన్రు. అది ఎమ్మెస్సీ గాదు. అయినా సదివినోళ్లు మళ్ల లేబర్ రూంకే వచ్చిన్రు. మామూలు కాన్పులు వాళ్లే చూసుడు షురువైంది. మా తోటికోడలు కాన్పుకు వోతే ఆమెను గోడ వట్టుకొని నడిపిచ్చిన్రట, పండుకోవెట్టలేదట. ఆ మరుసటేడే కేంద్రం సుత మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది.

హిందూపురం చెల్లె, నీకు సరిపడేది ఇంకోటున్నది. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. రెండేండ్ల పీజీ, రెసిడెన్సీ లెక్క. క్లాసురూం కంటె ఐసీయూలనే ఎక్కువ గంటలుంటవు. అయితే బయటికొచ్చినంక అదే పేరుతోని పోస్టిచ్చే దవాఖానలు తక్కువ. ముందుగాల అది అడుగు.

బిల్లింగ్ బాబాయ్:
ఆసుపత్రి అడ్మిన్‌లో పనిచేసేవాడిగా చెబుతున్నా, తిట్టకండి. బిల్లులో నర్సింగ్ ఛార్జీ రోజుకింత అని ఉంటుంది. బెడ్ పక్కన జీఎన్‌ఎమ్ (డిప్లొమా నర్సు) ఉన్నా ఎమ్మెస్సీ ఉన్నా పేషెంటు కట్టేది అంతే. అందుకే యాజమాన్యానికి మీ పీజీ కనపడదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు 20,000కు తగ్గొద్దంది. ఆ కనీసం దగ్గరే ఇంకా కొట్లాట నడుస్తోంది, పీజీ దాకా ఎక్కడొస్తారు? ప్రభుత్వమూ పెద్దగా తేడా లేదు. కేంద్ర ఉద్యోగి డ్యూటీకి పనికొచ్చే పీజీ చేస్తే 2019 ఉత్తర్వు ప్రకారం, షరతులన్నీ కుదిరితే, ఒకేసారి 25,000 ఇచ్చి సరిపెడతారు.

హిందూపురం పిల్ల:
అందరికీ థాంక్స్. కరీంనగర్ అక్కా, మీరు చెప్పినట్టే మా హెచ్ఆర్‌ను అడిగినా. క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్ చేసొస్తే ఏ పోస్టు ఇస్తారు సార్ అంటే, ‘సీనియర్ స్టాఫ్ నర్స్, ఇంకేముంటుందమ్మా’ అన్నాడు. అదన్నా కాగితం మీద రాసిమ్మంటే నవ్వినాడు.

ఈ ఏడు నార్సెట్ రాస్తా, వయసు ఆగదు కాబట్టి. అది రాకపోతే రెసిడెన్సీకి అప్లై చేస్తా. నాయనకు ఇంకా చెప్పలే. బళ్లారి రోడ్డు అక్కా, మా ఐసీయూలో కూడా పురుగుమందు కేసులు వస్తాయి. ట్యూబు తీసిన మొదటి రోజు గొంతు పెగలదు కదా, అప్పుడు వాళ్లతో ఎట్ల మొదలుపెడతారు? వీలైతే రాయండి. ఎనిమిదింటికి డ్యూటీ, హ్యాండోవర్ అయినాక చూస్తా.