మన్యం పోరాటం ఒక్క అల్లూరి పేరుతోనే నిలవాలా?

గోదావరి గట్టు:
మే 7న అల్లూరి సీతారామరాజు వర్ధంతి సభలో ఒక యువకుడు లేచి, రాజుతో కలిసి పోరాడిన గాం గంటం దొర పేరును ఒక్క వక్త కూడా ఎందుకు ఎత్తలేదని అడిగాడు. అధ్యక్షులు సమయం లేదని అతన్ని కూర్చోబెట్టారు. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడింది రాజు ఒక్కడే కాదు కదా! మరి ఈ తిరుగుబాటును ఆయన పేరుతోనే చెప్పుకోవడం సబబేనా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
నిస్సందేహంగా సబబే. పోడు వ్యవసాయాన్ని అటవీ చట్టాలు అడ్డుకున్నప్పుడు గాని, నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించినప్పుడు గాని, రాజుకు సొంతంగా పోయిందేమీ లేదు. అయినా ఆయన ఆ కష్టాన్ని తన కష్టంగా తలకెత్తుకున్నారు. దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ పోలీసులను వదిలేసి, వెనుక వచ్చిన కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులనే గురిచూసి కొట్టించిన నిగ్రహం ఆయనది. చివరకు మన్యం ప్రజల మీద జరిగే దాష్టీకాన్ని చూడలేక తానే లొంగిపోయి, ఇరవై ఏడేళ్లయినా నిండకుండా ప్రాణమిచ్చారు. అంతటి త్యాగానికి ఇంకొకరి పేరు జోడించడం అనవసరం.

కొండదారి:
మాస్టారూ, మాకూ రాజుగారంటే భక్తే. మా ఇంట్లో ఆయన పటానికి దీపం పెట్టకుండా పండుగ చేయరు. అయితే రాజు రాకముందు మన్యం నిద్రపోతున్నట్టు మీరు రాశారు. కల్లు మీద వేసిన చిగురు పన్నుకు ఎదురుగా రంపలో 1879లోనే ఫితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. అప్పటికి రాజు పుట్టనే లేదు. బట్టిపనుకుల మునసబు గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర బాస్టియన్ వల్ల నేరుగా దెబ్బతిన్నవాళ్లు. రాజు పోయిన మరుసటి నెలలోనే గంటం దొర కూడా తూటాలకు బలయ్యాడు. ఆయన వర్ధంతి ఏ రోజో మీలో ఎందరికి తెలుసు?

పాత పేజీలు:
రాజు లొంగిపోలేదు, మంప అనే ఊరి దగ్గర పట్టుబడ్డాడు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
పట్టుబడ్డాడన్నది ప్రభుత్వం చెప్పుకున్న కథ. పారిపోబోతుంటే కాల్చామని కూడా ఆ ప్రభుత్వమే చెప్పుకుంది. కొయ్యూరులో గుడాల్ అనే తెల్ల అధికారి ఆయనను చెట్టుకు కట్టి కాల్పించిన సంగతి మన్యమంతా ఎరుగును. రెండో మాట అబద్ధమని ఒప్పుకున్నప్పుడు మొదటి మాటను మాత్రం ఎలా నమ్మమంటారు? ఇంతకాలం ఆయనను పట్టుకోలేకపోయిన పోలీసులకు, ఆయనే దొరకదలచుకోకపోతే దొరికేవారా?

పాత పేజీలు:
ఆ రెండూ వేరు వేరు సంగతులు.

కొండదారి:
మీరిద్దరూ మంప దగ్గరే ఆగిపోయారు. నేను అడిగింది ఆయన ఎలా దొరికాడని కాదు. రాజు ఎక్కడున్నాడో చెప్పమని సైన్యం కొట్టింది మా వాళ్లను. మా ముత్తాత వీపు మీది మచ్చలు చచ్చేదాకా పోలేదని మా నాయనమ్మ చెప్పేది. ఆ మచ్చలు మీ లెక్కలో త్యాగం కావా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
నన్ను నిలదీయడానికి మీకున్న హక్కేమిటి? ఏజెన్సీ పాఠశాలలో పనిచేసిన కాలమంతా నా జీతం డబ్బులతో అల్లూరి జయంతి జరిపాను. ఒక ఏడాది ఊరి యువకులు తమ పిల్లలను సభకు పంపేది లేదని భీష్మించారు. ఖాళీ బల్లల ముందు నిలబడి ఉపన్యాసం చదివిన ఆ అవమానాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. మీవంటి మాటలే ఆనాడు వాళ్లకు ఎక్కాయి.

గోదావరి గట్టు:
ఇద్దరూ కొంచెం నిదానించండి.

కొండదారి:
ఆ సభలో మా ఊరి పెద్దలకు ఒక్కరికైనా మైకు ఇచ్చారా? మాకు కడుపు మండేది అక్కడే. భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం నిలబెట్టినందుకు సంతోషించాం. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి పేరు పెట్టినప్పుడూ సంతోషించాం. కానీ మా పోరాటాన్ని మాకు చెప్పడానికి ప్రతిసారీ మైదానం నుంచే ఒకరు వస్తారు, మేము కింద కూర్చుని వినాలి. మల్లు దొర శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. ఆయనను కూడా మీ పాఠాల్లో రాజు వెనుక నడిచే పేరులేని అనుచరుడిగానే మిగిల్చారు. మమ్మల్ని రక్షించిన దేవుడిగా కాదు, మాతో కలిసి పోరాడిన మనిషిగా రాజును చెప్పండి. ఆ మాట చెప్పే చోటు మాకూ ఇవ్వండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మైకు విషయంలో మీరన్నది న్యాయం. వేదిక మీద మీ పెద్దలు మాట్లాడితే వినడానికి నేనే ముందు వరుసలో కూర్చుంటాను. గంటం దొర, మల్లు దొరల జీవితాలు పాఠంగా రావాలన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ కష్టం తనది కాకపోయినా దానికోసం చావును కోరుకున్నవాడిని మిగిలినవారితో సమానంగా ఒకే వరుసలో నిలబెట్టమంటే మాత్రం నా మనసు ఒప్పుకోదు.

కొండదారి:
అక్కడే మీకూ నాకూ కుదరదు. మాదైన కష్టం కోసం చచ్చినంత మాత్రాన మా వాళ్ల చావు తక్కువ ఎలా అవుతుంది?