ఏరేటర్ మోటారుకు లెక్కలో 16 ఓమ్‌లు, మల్టీమీటర్‌లో 2: ఏది నమ్మాలి?

కాళ్ల రైతు: రొయ్యల చెరువులో 2 హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ ఏరేటర్, నీటిలో గాలి కలిపే చక్రం. 230 వోల్టులకు 11.5 ఆంపియర్లు, అంటే ఇంపిడెన్స్ (కరెంటుకు మొత్తం అడ్డు) 20 ఓమ్‌లు. ఫేజ్ కోణం (వోల్టేజి కంటే కరెంటు వెనకబడే కోణం) 37 డిగ్రీలు. కాస్‌తో గుణిస్తే రెసిస్టెన్స్ 16, సైన్‌తో గుణిస్తే రియాక్టెన్స్ (కాయిల్ అయస్కాంతత్వం వల్ల వచ్చే అడ్డు) 12. మోటారు ఆపి మల్టీమీటర్ పెడితే 2 ఓమ్‌లే. వైండింగ్ పోయిందా?

ఆకివీడు ఎలక్ట్రీషియన్: మీటరు చూపిందే నిజం. కాగితం మీది 16 చూపి రైతును భయపెట్టకండి.

పాలకొల్లు అధ్యాపకుడు: ఆగిన మోటారులో కొలిచింది రాగి తీగను మాత్రమే. తిరిగేటప్పుడు చక్రం నీటిని కొట్టే పని, ఇనుములో పోయే వేడి, అన్నీ ఆ 16లోకే వస్తాయి. కరెంటు వర్గాన్ని 16తో గుణించండి, సుమారు 2,116 వాట్లు. 2తో గుణిస్తే 265. ఆ 265 వాట్లతో ఈ ఏరేటర్ తిరుగుతుందా?

ఆకివీడు ఎలక్ట్రీషియన్: కోణం సరిగ్గా కొలిచారని ఏమిటి నమ్మకం?

అమలాపురం విద్యార్థి: కోణం 90కి దగ్గరైతే ఆ అనుమానం సబబే. 100 ఓమ్‌ల కాయిల్‌కు 87 డిగ్రీలైతే రెసిస్టెన్స్ 5.2, 86 అయితే 7. ఇక్కడ 37 దగ్గర ఒక డిగ్రీ తప్పినా పావు ఓమ్ కూడా మారదు.

ఆకివీడు ఎలక్ట్రీషియన్: మీకు డిగ్రీల గొడవ. పోయిన వేసవిలో ఒకాయన ఇలాగే లెక్క కట్టి, రెసిస్టెన్స్ ఎక్కువుంది, వైండింగ్ కాలిందన్నాడు. విప్పి చూస్తే తీగ నిగనిగలాడుతోంది, వార్నిష్ కూడా చెదరలేదు. రివైండింగ్ డబ్బు రైతుకు దండగ, మాట పడింది నేను!

పాలకొల్లు అధ్యాపకుడు: ఆ తప్పు సూత్రానిది కాదండీ. నడిచే మోటారు అంకెతో తీగకు తీర్పు చెప్పినవాడిది.

ఆకివీడు ఎలక్ట్రీషియన్: సూత్రం మీది, దెబ్బలు మావి. ఆ అంకెతో రైతుకు ఒరిగేదేమిటో చెప్పండి.

పాలకొల్లు అధ్యాపకుడు: రియాక్టెన్స్ 12 చూడండి. మోటారుకు సమాంతరంగా తగిన కెపాసిటర్ పెడితే అయస్కాంతత్వానికి కావలసిన కరెంటు దాని నుంచే వస్తుంది, లైనులో కరెంటు 11.5 నుంచి 9.2 దాకా దిగుతుంది. గట్టు పొడవునా లాగిన కేబుల్ అంత వేడెక్కదు.

ఆకివీడు ఎలక్ట్రీషియన్: మోటారుకు కెపాసిటర్ ఉండనే ఉందిగా. బిల్లు తగ్గుతుందా?

పాలకొల్లు అధ్యాపకుడు: అది రెండో వైండింగ్‌తో సిరీస్‌లో ఉండేది, లైను కోసం కాదు. బిల్లులో కేబుల్ వృథా మేరకే తగ్గుతుంది, అంతకుమించి ఆశ పెట్టను.

కాళ్ల రైతు: కేబుల్ ముట్టుకుంటే వేడిగానే ఉంటోంది. వైండింగ్ విప్పించనవసరం లేదన్నమాట?

ఆకివీడు ఎలక్ట్రీషియన్: 2 ఓమ్‌లు చూసీ తేల్చకండి. మోటారు ఆపి, లైను విడదీసి, ఎక్కువ వోల్టేజితో పరీక్షించే మెగ్గర్‌తో బాడీకి ఇన్సులేషన్ చూపించండి. తడి గట్టు మీద అదే ముఖ్యం.