డైఇథైల్‌కార్బమజీన్‌ను ఎక్కడ విరిచి పలకాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, కోనసీమ)

నమస్కారమండి. బోదకాలు రాకుండా మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రను అందరూ డీఈసీ అనే పిలుస్తారు. ఊరి సభలో మా పిల్లలు చదవవలసిన ప్రసంగంలో మాత్రం డైఇథైల్‌కార్బమజీన్ అని పూర్తి పేరు ఉన్నది. చదివేటప్పుడు నడుమ అక్షరాలు జారిపోతున్నాయి, కొందరు కార్బమజెపిన్ అని కూడా అంటున్నారు. ఎక్కడ విరవాలో, ఏ ముక్కకు ఏమి అర్థమో దయచేసి తెలుపగలరు.

సమాధానం (రసాయనశాస్త్ర అధ్యాపకుడు, భీమవరం)

టీచరు గారూ, డై–ఇథైల్–కార్బమ్–అజీన్ అని నాలుగు ముక్కలుగా నేర్పండి. పలుకులుగా లెక్కిస్తే డై, ఇ, థైల్, కార్, బ, మ, జీన్ అని ఏడు వస్తాయి. ఇంగ్లీషులో ఊనిక ‘బమ్’ మీద పడుతుంది; తెలుగులో అన్నింటినీ సమంగా పలికినా తప్పు లేదు గాని, చివరి ‘జీ’కి దీర్ఘం ఉండి తీరాలి.

ఈ పేరంటే నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే అణువు కట్టడం దాదాపు అంతా అందులోనే ఉన్నది. డై అంటే రెండు. ఇథైల్ అంటే రెండు కార్బన్లు, ఐదు హైడ్రోజన్లు గల సమూహం. కార్బమ్ అనేది కార్బమైడ్‌కు సంబంధించినది. కార్బమైడ్ అంటే మన రైతులు వరిచేలలో చల్లే యూరియాయే. యూరియాలో ఒక కార్బన్‌కు అటూ ఇటూ రెండు నత్రజనులు ఉంటాయి గదా, ఈ మందులో వాటిలో ఒకదానికి ఆ రెండు ఇథైల్ సమూహాలు అతికి ఉండగా, రెండవది పైపరజీన్ అనే ఆరు పరమాణువుల వలయంలో భాగమై ఉంటుంది. చివరి అజీన్ ఆ వలయాన్ని సూచిస్తుంది. అందులోని ‘అజ్’ నత్రజనికి ఫ్రెంచివారు వాడే అజోట్ అనే పేరు నుండి వచ్చింది. అలాగని మాత్రలో ఎరువు ఉన్నదని ఎవరూ భయపడనక్కరలేదు, పోలిక కట్టడంలో మాత్రమే.

సమాధానం (ఫార్మసిస్టు, రాజోలు)

పిల్లలు అంటున్న కార్బమజెపిన్ మూర్ఛకు వాడే వేరే మందండి. రెండింటిలోనూ ‘కార్బమజ’ ఉండడం వల్ల, మొదటి ‘డైఇథైల్’ను మింగేసి తోకను గబగబా పలికితే వినేవారు పొరబడే ప్రమాదం నిజంగానే ఉన్నది. ఆ రెండు చోట్లా పిల్లలను నిదానంగా చదవమనండి.

ప్రశ్న అడిగినవారు

ఎంతో ధన్యవాదాలండి. డీఈసీతో కలిపి ఇచ్చిన ఆల్బెండజోల్‌లోని ‘అజ్’ కూడా నత్రజనేనా?

సమాధానం (రసాయనశాస్త్ర అధ్యాపకుడు, భీమవరం)

అవునండి. అజోల్ అంటే నత్రజని ఉన్న ఐదు పరమాణువుల వలయం, అజీన్ అంటే ఆరు, కార్బమజెపిన్ చివరి అజెపిన్ అంటే ఏడు. ఆల్బెండజోల్‌ను ఆల్–బెన్–డ–జోల్ అని నాలుగు పలుకులుగా చదివిస్తే చాలు.