రెండు పాత కంప్యూటర్లకు నేరుగా కేబుల్ వేశా, పింగ్ ఒకవైపే వస్తోంది. జర చెప్పండి

శుభలేఖల దుకాణం (నల్లగొండ)
అన్నలూ, అక్కలూ, ఇంట్లోనే డీటీపీ పని నాది. ఒకటి పాత డ్యూయల్ కోర్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లు (పాతకాలం తెలుగు ఫాంట్లు), ఏళ్లనాటి శుభలేఖల ఫైళ్లు అన్నీ దాంట్లోనే. ఇంకోటి సెకండ్ హ్యాండ్ ఐ3, విండోస్ 10 ప్రో. మధ్యలో రౌటర్ లేదు, స్విచ్ లేదు, నేరుగా ల్యాన్ కేబుల్. ఎక్స్‌పీకి ఐపీ అడ్రస్ 192.168.10.1, పదికి (అంటే విండోస్ 10 దానికి) 192.168.10.2 ఇచ్చా. మాస్క్ రెండింటికీ 255.255.255.0. పది నుంచి ఎక్స్‌పీకి పింగ్ (అవతలిది పలుకుతోందా అని చూసే పరీక్ష) మంచిగ వస్తోంది. ఎక్స్‌పీ నుంచి పదికి కొడితే రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. ఎక్స్‌పీలో షేర్ చేసిన ఫోల్డర్ పదిలో తెరుచుకోదు. దాంతోపాటు ఎక్స్‌పీకి తగిలించిన పాత లేజర్ ప్రింటర్‌కు పది నుంచి ప్రింట్ ఇవ్వాలి. మూఢం పోయింది, ముహూర్తాలు మొదలయ్యాయి. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కు తిరగలేక పరేషాన్ అవుతున్నా. కేబుల్ బజార్లో కొన్నది కాదు, మా బామ్మర్ది కొసలకు జాక్‌లు క్రింప్ చేసిచ్చాడు.

పాలమూరు నెట్ బాయ్
పెన్‌డ్రైవ్‌కు ఏమైందన్నా? నేను ఇప్పటికీ అదే వాడతా.

టెలికాం పెద్దాయన
బాబూ, నీ జబ్బు నీ ఆఖరి వాక్యంలోనే ఉంది. బామ్మర్ది చేసిన కేబుల్. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపితే క్రాస్ కేబుల్ ఉండాలి. ఒక కొస 568ఏ, రెండో కొస 568బీ (ఇవి తీగల రంగుల వరసలు). అంటే ఒకటో పిన్ను మూడోదానికి, రెండో పిన్ను ఆరోదానికి పోవాలి. ఇటు మాట్లాడే తీగ అటు వినే తీగకు తగలాలి కదా. స్విచ్ మధ్యలో ఉంటేనే స్ట్రెయిట్ కేబుల్ పనికొస్తుంది. ముందు కేబుల్ మార్చు, తర్వాత మాట్లాడుకుందాం.

పాలమూరు నెట్ బాయ్
సార్, ఏ కాలంలో ఉన్నారు మీరు? గిగాబిట్ పోర్టులన్నీ తీగలను వాటంతట అవే సర్దుకుంటాయి, ఆటో ఎండీఐఎక్స్ అంటారు దాన్ని. రెండింట్లో ఒక్క కార్డుకు అది ఉన్నా స్ట్రెయిట్ కేబుల్ చాలు. అన్న ఐ3లో గిగాబిట్ కార్డే ఉంటుంది. క్రాస్ కేబుల్ మ్యూజియంలో పెట్టుకోవాలి ఇప్పుడు. రంగుల లొల్లి కూడా అంతే, ఏ వరస అయినా రెండు కొసలూ ఒకేలా ఉంటే నడుస్తది. మా ఏరియాలో ఎన్ని ఇళ్లకు కనెక్షన్లు గుంజానో నాకు తెలుసు.

టెలికాం పెద్దాయన
"ఏ వరస అయినా నడుస్తది" అన్న ఈ ఒక్క మాటకే నీ చేతిలో క్రింపర్ లాక్కోవాలి. ఆ కేబుల్లో నాలుగు జతలు ఎందుకు మెలిపెట్టి ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించావా? 100 ఎంబీపీఎస్ లింకు వాడేది 1-2 ఒక జత, 3-6 ఇంకో జత. నువ్వు ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత అని వరసగా దూర్చావనుకో, 3వ పిన్నుకు ఒక జతలో తీగ, 6వ పిన్నుకు వేరే జతలో తీగ వస్తుంది. మెలిక వల్ల వచ్చే లాభం మొత్తం పోతుంది, ఒక జతలో మాట పక్క జతలోకి దూరుతుంది. రూపాయి టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, నువ్వు డబ్బులు తీసుకుని వెళ్లిపోతావు, ఆ ఇంటివాళ్లు నెట్ స్లో అని ఏడుస్తారు. 568బీ వరస ఇదీ, రాసుకో: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. జాక్ దగ్గర మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. మేం ఎక్స్ఛేంజీలో జాయింట్లు కొట్టే రోజులకు మీరింకా పలక పట్టలేదు.

పాలమూరు నెట్ బాయ్
సార్, పలక సంగతి వదిలేయండి. రెండు మీటర్ల కేబుల్‌కు ఆ తేడా కనిపించదు. నేను చెప్పేది ఇంట్లో టేబుల్ నుంచి టేబుల్‌కు.

టెలికాం పెద్దాయన
రెండు మీటర్లకు అలవాటైన చెయ్యి అరవై మీటర్లకూ అలాగే చేస్తుంది.

గద్వాల కంప్యూటర్ టీచర్
పది నుంచి ఎక్స్‌పీకి పింగ్ వస్తోందని ఆయన రాశారు. పింగ్ అంటే వెళ్లి తిరిగి వచ్చేది. కేబుల్ పాడైతే వెళ్లినదానికి జవాబు ఎలా వస్తుంది? కేబుల్ బాగానే ఉంది, దాన్ని వదిలేయండి.

రెండో వైపు రాకపోవడానికి కారణం పదిలోని ఫైర్‌వాల్. నేరుగా కలిపిన లింకుకు గేట్‌వే (బయటికి పోయే దారి) ఉండదు కాబట్టి విండోస్ దాన్ని అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అంటుంది, పబ్లిక్ లెక్కలో వేస్తుంది, లోపలికి వచ్చే పింగ్‌ను ఆపేస్తుంది. అయినా మీ ఫైళ్లు ఉన్నది ఎక్స్‌పీలో, తీసుకునేది పది. అడిగేది పది అయినప్పుడు ఎక్స్‌పీ నుంచి పింగ్ వచ్చినా రాకపోయినా మీకు నష్టం లేదు.

అసలు అడ్డం ఎస్ఎంబీ 1, అంటే విండోస్ ఫైళ్లు పంచుకునే పాత భాష. ఎక్స్‌పీకి వచ్చిన భాష అదొక్కటే. విండోస్ 10లో 2017 చివర్లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటిలో అది ఆఫ్‌లో ఉంటుంది, లేదా వాడకపోతే దానంతటదే పోతుంది. కంట్రోల్ ప్యానెల్, ప్రోగ్రామ్స్, టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్. అక్కడ ఎస్ఎంబీ 1.0 కింద క్లయింట్ (ఫైళ్లు అడిగే భాగం) ఒక్కదానికే టిక్ పెట్టండి. సర్వర్‌కు (ఫైళ్లు ఇచ్చే భాగం) పెట్టకండి. అక్కడే ఆటోమేటిక్ రిమూవల్ అని ఇంకోటి ఉంటుంది, దాని టిక్ తీసేయండి. లేకపోతే 15 రోజులు వాడకం లేదని చూసి దాన్ని మళ్లీ తీసేస్తుంది.

మిర్యాలగూడ బియ్యం
కేబుల్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇంటికీ మిల్లు ఆఫీసుకూ మధ్య పైనుంచి ల్యాన్ కేబుల్ లాగించాం. మొన్న వానల్లో దగ్గర్లో పిడుగు పడింది. అటు కార్డు, ఇటు కార్డు, మధ్యలో స్విచ్ మొత్తం మటాష్. కరెంటు ప్లగ్గులన్నీ పీకే ఉన్నాయి అప్పటికి! ల్యాన్ తీగ పీకాలని ఎవరికి తడుతుంది? కాటా దగ్గర లారీలు లైను కట్టినయి, బిల్లులన్నీ చేతితో రాసుకున్నాం.

టెలికాం పెద్దాయన
రెండు బిల్డింగుల మధ్య రాగి తీగ లాగకూడదు. రెండుచోట్లా ఎర్తింగ్ వేరు. ఫైబర్ ముక్క వేసి రెండు కొసలా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను ల్యాన్ తీగకు కలిపే డబ్బా) పెట్టండి. గాజుకు పిడుగుతో పని లేదు.

దేవరకొండ మాస్టారు
పిడుగు ఎప్పుడో ఒకసారి. మా దగ్గర కోతులు రోజూ. డాబా మీద కేబుల్‌ను ఊయల చేసుకుని తెంపేస్తున్నాయి. పైపులో వేస్తే పైపు పీకుతున్నాయి. దీనికి మీ 568బీలో మందు ఉందా సార్?

నారాయణపేట చేనేత
ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. ఇంకా దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు? ఎస్ఎంబీ 1 ఆన్ చేయమని సలహా ఇస్తున్నారు, 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే వానాక్రై వైరస్ వచ్చింది ఆ దారిలోనే. మర్చిపోయారా? మా మహబూబ్‌నగర్ జిల్లాలో మాకు తెలిసినవాళ్ల లెక్కలు మొత్తం తాళం పడి, డాలర్లు కట్టమని స్క్రీన్ మీద వచ్చింది.

పాలమూరు నెట్ బాయ్
నారాయణపేట 2019 నుంచే వేరే జిల్లా అయింది భాయ్, మా జిల్లా అంటే ఎట్ల.

నారాయణపేట చేనేత
పుట్టింది ఏ జిల్లాలోనో అదే నా జిల్లా. విషయం మాట్లాడు.

గద్వాల కంప్యూటర్ టీచర్
వానాక్రై దూరింది ఎస్ఎంబీ 1 సర్వర్ భాగంలోకి. అందుకే పదిలో క్లయింట్ ఒక్కటే అన్నాను. ఎక్స్‌పీలో ఆ సర్వర్ ఎలాగూ ఉంటుంది, కాబట్టి దానికి ఇంటర్నెట్ చూపించకూడదు. ఆ పురుగు వచ్చాక ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ప్యాచ్ వదిలారు, అది వేసుకోండి. "మార్చేయండి" అనడం తేలిక. అను ఫాంట్లలో చేసిన పాత ఫైలు కొత్త మిషన్‌లో తెరిస్తే ఆ ఫాంట్లు లేకపోతే అక్షరాలన్నీ ఇంగ్లిష్ చెత్తలా కనిపిస్తాయి. ఈ మనిషి పెళ్లిళ్ల సీజన్లో ఆ తలనొప్పి పెట్టుకుంటాడా?

డీటీపీ సూర్యాపేట
మేడమ్ కరెక్ట్. వేల పేజీల ఓటరు లిస్టులు, కరపత్రాలు అన్నీ ఆ ఫాంట్లలోనే కొట్టిన చేతులు ఇవి. యూనికోడ్‌కు (ఏ మిషన్‌లోనైనా తెలుగు కనిపించే కొత్త పద్ధతి) మార్చే టూల్స్ ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర జారిపోతాయి, మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే. శుభలేఖలో పెళ్లికూతురు పేరులో ఒత్తు పోతే కార్డులు మొత్తం మన నెత్తిన పడతాయి. యూనికోడ్ గొప్పదే, ఎవరు కాదన్నారు, పాత కస్టమర్ వచ్చి "పోయినసారి మా పెద్దోడి కార్డు లెక్కనే వేయి" అంటే నాకు పాత ఫైలే కావాలి.

దేవరకొండ మాస్టారు
ప్రశ్నపత్రాలకూ ఇదే గోస. ఒత్తు జారితే పిల్లలు నవ్వుతారు. కోతుల సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు నెట్ బాయ్
మాస్టారూ, కేబుల్ జీఐ పైపులో వేయించండి, పీవీసీ కాదు.

శుభలేఖల దుకాణం (నల్లగొండ)
గద్వాల మేడమ్ చెప్పినట్టు క్లయింట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేశా. ఇప్పుడు రెండు బ్యాక్‌స్లాష్‌లు, 192.168.10.1 కొడితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఎక్స్‌పీకి నేను పాస్‌వర్డే పెట్టలేదు. ఖాళీగా ఓకే కొడితే లోపలికి పోనివ్వడం లేదు.

గద్వాల కంప్యూటర్ టీచర్
పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు, ఆ మిషన్ ముందు కూర్చుంటేనే రానిస్తుంది. రెండు దారులు. ఎక్స్‌పీ ప్రో అయితే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సింపుల్ ఫైల్ షేరింగ్ తీసేసి, వేరే యూజర్ ఒకటి పాస్‌వర్డ్‌తో చేసి, ఆ ఫోల్డర్‌కు అతనికే పర్మిషన్ ఇవ్వండి. పదిలో ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ ఇచ్చి గుర్తుపెట్టుకోమనండి. లేదంటే సింపుల్ షేరింగ్ అలాగే ఉంచి గెస్ట్ అకౌంట్ ఆన్ చేయండి. నేనైతే మొదటిదే చేస్తా, గెస్ట్ అంటే తలుపు తీసిపెట్టినట్టే.

మిర్యాలగూడ బియ్యం
వర్క్‌గ్రూప్ పేరు రెండింట్లో ఒకటి ఉందా చూడన్నా. ఎక్స్‌పీ హోమ్‌లో ఎంఎస్‌హోమ్ అని ఉంటది, మిగతావాటిలో వర్క్‌గ్రూప్ అని ఉంటది. మాకు అదే తిప్పలు పెట్టింది.

గద్వాల కంప్యూటర్ టీచర్
అది నెట్‌వర్క్ లిస్టులో కనిపించడానికే. నేరుగా ఐపీ కొట్టినప్పుడు దాంతో పనిలేదు.

శుభలేఖల దుకాణం (నల్లగొండ)
తెరుచుకుంది! యూజర్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చా, ఫోల్డర్ మొత్తం వచ్చేసింది. డ్రైవ్ లెటర్ కూడా ఇచ్చుకున్నా, పదిలో జెడ్ డ్రైవ్ అని కనిపిస్తోంది. మేడమ్‌కు నమస్కారం. ఒక్కటే, కాపీ బాగా స్లోగా ఉంది. మెగాబైటు కూడా దాటడం లేదు సెకనుకు.

టెలికాం పెద్దాయన
చూశారా! స్లో. జతలు చీలాయి. నేను మొదట్నుంచీ చెప్తున్నా. 100 ఎంబీపీఎస్ లింకు మీద సెకనుకు 10, 11 మెగాబైట్లు రావాలి. బామ్మర్దిని పిలిచి జాక్ లోపల రంగులు చూడమను.

పాలమూరు నెట్ బాయ్
రెండు మీటర్లకు అంత స్లో కాదు సార్. డూప్లెక్స్ చూడన్నా, అంటే పంపడం, తీసుకోవడం ఒకేసారి (ఫుల్) జరుగుతోందా, ఒకటి తర్వాత ఒకటా (హాఫ్) అని. డివైస్ మేనేజర్‌లో రెండు కార్డులకూ స్పీడ్ అండ్ డూప్లెక్స్ ఆటోలో ఉందా? ఒకవైపు ఎవరో 100 ఫుల్ అని బిగించి, రెండోవైపు ఆటోలో వదిలేస్తే ఆటో వైపు హాఫ్ అనుకుంటది. పింగ్ మంచిగ వస్తది, కాపీ మాత్రం ఈడ్చుకుంటూ పోతది.

శుభలేఖల దుకాణం (నల్లగొండ)
ఎక్స్‌పీలో 100 ఫుల్ అనే ఉంది! మొదట్నుంచీ అట్లనే ఉన్నట్టుంది. ఆటో పెట్టా. ఇప్పుడు పదకొండు మెగాబైట్లకు దగ్గర్లో వస్తోంది.

పాలమూరు నెట్ బాయ్
😎 సార్, క్రింపర్ తిరిగి ఇస్తారా?

టెలికాం పెద్దాయన
డూప్లెక్స్ సరే. రంగుల వరస మాత్రం నేను చెప్పిందే.

నారాయణపేట చేనేత
పని అయింది కదా, ఆ ఎక్స్‌పీకి పొరపాటున కూడా వైఫై డాంగిల్ తగిలించొద్దు. పదిలో వైఫై ఉంటే రెండు కనెక్షన్లు కలిపి బ్రిడ్జ్ చేయమని ఎవరన్నా చెప్తే వినొద్దు. బ్యాకప్ తీసుకున్నావా అసలు? ఆ హార్డ్ డిస్క్ వయసెంత?

డీటీపీ సూర్యాపేట
ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొని జెడ్ డ్రైవ్ మొత్తం దాంట్లోకి దింపు తమ్మీ. ఎక్స్‌టర్నల్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకో. ఫ్యాట్ 32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగుతది. అను ఫాంట్ల సెటప్ సీడీ ఉంటే దాని కాపీ కూడా పెట్టుకో.

శుభలేఖల దుకాణం (నల్లగొండ)
ప్రింటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎక్స్‌పీలో షేర్ చేశా. పదిలో యాడ్ చేస్తుంటే డ్రైవర్ కావాలంటోంది, ఆ మోడల్‌కు విండోస్ 10 డ్రైవర్ లేదు.

గద్వాల కంప్యూటర్ టీచర్
డ్రైవర్ కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. పదిలో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఉంది కదా. పీడీఎఫ్ చేసి జెడ్ డ్రైవ్‌లోనే సేవ్ చేయండి, ఎక్స్‌పీలో అడోబ్ రీడర్ 11తో తెరిచి కొట్టండి. ఎక్స్‌పీ మీద నడిచే ఆఖరి రీడర్ అదే. ఫాంట్లు పీడీఎఫ్ లోపలే కూర్చున్నాయో లేదో ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్‌లో చూడండి, ఎంబెడెడ్ అని ఉండాలి.

దేవరకొండ మాస్టారు
జీఐ పైపు మీటరు ఎంత పడుతది నల్లగొండ బజార్లో?