మొక్కజొన్నలో చిలగడదుంప వేస్తే తీగే పెరుగుతోంది, దుంప ఊరడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది పాడేరు వైపు. ఎకరంన్నర ఎర్రనేల, కొండ వాలు, పూర్తిగా వర్షాధారం. ఇంట్లో ఆరుగురం, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. ముందు ఇంట్లో తినడానికి సరిపోవాలి, మిగిలితే సంతకి పట్టుకెళ్తాం. పోయిన ఖరీఫ్‌లో మొక్కజొన్న రెండడుగుల సాళ్ళలో వేసి, అదే వారంలో సాళ్ళ మధ్య చిలగడదుంప తీగ నాటాను. జొన్న (మొక్కజొన్ననే మేం ఇలా అంటాం) బాగానే వచ్చింది. తీగ కూడా మోకాలెత్తు అల్లుకుంది, చూసినవాళ్ళంతా భలే ఉందన్నారు. తీరా తవ్వితే వేలు లావు వేర్లు తప్ప ఏమీ లేవు. ఊరిన ఆ కొద్ది దుంపలకీ పురుగు బెజ్జాలు, ఉడకబెడితే చేదు. యూరియా రెండుసార్లు చేనంతా చల్లాను. ఈసారి దుంప మానేసి ఒట్టి జొన్నే వేసుకోమంటారా, లేక పద్ధతి మార్చి చూడమంటారా? మధ్యలో కంది కూడా పెట్టాలని ఉంది.

జవాబు:

మానకండి అన్నా. రెండూ కలిసి పండుతాయి, కానీ మీరు వేసిన వరసలో పండవు. దుంప ఊరకపోవడానికి మీ ప్రశ్నలోనే రెండు కారణాలు కనిపిస్తున్నాయి, ఒకటి నీడ, రెండోది యూరియా.

చిలగడదుంప ఎండని కోరుకునే పంట. నాటిన నెల, నెలన్నరకి వేరు దుంపగా మారడం మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే మీ జొన్న మనిషెత్తు పెరిగి రెండడుగుల సందుని పూర్తిగా మూసేసింది. ఆకు తయారుచేసిన పిండి కిందికి దిగితేనే దుంప. నీడలో ఉన్న ఆకు ఆ పిండిని తీగ పొడుగు పెంచుకోవడానికే వాడుకుంటుంది. దానికి తోడు మీరు జొన్న కోసం చల్లిన యూరియా తీగకీ అందింది. యూరియాలో ఉండేది నత్రజని, చిలగడదుంపకి అది ఎక్కువైతే తీగ ఏపుగా పెరుగుతుంది తప్ప కింద దుంప కట్టదు, దానికి కావలసింది పొటాష్. అంటే పైకి చూడ్డానికి బాగున్న చేను కింద ఖాళీగా ఉండడంలో వింతేమీ లేదు.

నేనైతే ఇలా వేస్తాను. జొన్నని జంట సాళ్ళుగా మార్చండి. రెండు సాళ్ళ మధ్య అడుగున్నర, ఆ జంటకీ పక్క జంటకీ మధ్య ఐదడుగులు. ఆ ఐదడుగుల్లో రెండు బోదెలు, అంటే తీగ నాటే ఎత్తు మట్టి గట్లు, బోదెకీ బోదెకీ రెండడుగులు, బోదెకీ జొన్నకీ అడుగున్నర. జొన్న మొక్కకీ మొక్కకీ 20 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త తక్కువ. మామూలుగా ఎకరానికి 33 వేల జొన్న మొక్కలు పట్టే చోట ఇలా వేస్తే 20 వేలే ఉంటాయి. జొన్న గింజ తగ్గుతుంది, అది ముందే ఒప్పుకుని దిగాలి. రెండు పంటల్లోనూ పూర్తి దిగుబడి కావాలనుకుంటే రెండూ చెడతాయి.

తగ్గినా లాభమెలా అంటే, లెక్క కోసం అనుకుందాం, ఒట్టి జొన్న ఎకరానికి 20 క్వింటాళ్ళు, ఒట్టి దుంప 60 క్వింటాళ్ళు వచ్చే నేల. కలిపి వేస్తే జొన్న 14, దుంప 30 వచ్చాయనుకోండి. జొన్నలో పదోవంతులు ఏడు, దుంపలో ఐదు, మొత్తం పన్నెండు. విడివిడిగా ఇంతే పండించాలంటే ఎకరం ఇరవై సెంట్లు కావాలి. మీది ఎకరంన్నరే కాబట్టి ఆ ఇరవై సెంట్లు చిన్న విషయం కాదు. ఇంకోటి, వాన తప్పి జొన్న ఎండిపోయిన ఏడాది కూడా తర్వాతి వానలకి దుంప కొంతైనా వస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

సాళ్ళు ఎటు తోలాలన్నది కూడా చూడాలి. చదును నేలైతే తూర్పు పడమరలుగా తోలండి, సూర్యుడు సాలు వెంటే నడుస్తాడు కాబట్టి మధ్య బోదెకి ఎక్కువసేపు ఎండ తగులుతుంది. కానీ మీది వాలు. అక్కడ వాలుకి అడ్డంగానే బోదె వేయాలి, ఎండ కాస్త తగ్గినా సరే, మట్టి కొట్టుకుపోతే ఏ పంటా ఉండదు.

యూరియా చేనంతా చల్లడం ఇక ఆపేయండి. జొన్న మొదళ్ళ పక్కన గుంట తీసి చేత్తో వేసి మట్టి కప్పాలి, మొక్కలు తగ్గాయి కాబట్టి మోతాదు కూడా ఆ మేరకి తగ్గించాలి. బోదెల్లోకి చివికిన పశువుల ఎరువు ఎకరానికి రెండు టన్నులకి తక్కువ కాకుండా, దాంతోపాటు 35 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళయితే కట్టె బూడిద వేయండి, అందులోనూ పొటాష్ ఉంటుంది.

అడిగినవారు:

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. తీగ జొన్నతోపాటే నాటాలా, తర్వాతా? పురుగు సంగతి కూడా చెప్పండి, నాకు దాని గురించే టెన్షన్.

జవాబు:

జూన్‌లో జొన్న వేస్తే, తీగ మూడు నాలుగు వారాల తర్వాత, జొన్నకి మొదటిసారి మట్టి ఎగదోసే సమయంలో నాటండి. బోదెలు కూడా అప్పుడే తయారవుతాయి, పని రెండుసార్లు కాకుండా ఉంటుంది. కింద మైదానంలో వాళ్ళు ఆగస్టు దాకా ఆగినా నష్టం లేదు. మీకు అంత వ్యవధి లేదు, లంబసింగి చలి సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా. రాత్రిళ్ళు చలి ముదిరితే దుంప ఊరడం నిలిచిపోతుంది. జూలై సగానికల్లా తీగ నేలలో పడాలి, నవంబరులో తవ్వేయాలి.

కొసల దగ్గరి లేత తీగ తీసుకోండి, ముదురు మొదలు వద్దు. జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండాలి. మధ్య కణుపులు మట్టిలోకి, రెండు చివర్లూ పైకి. జొన్న పొత్తు గింజ గట్టిపడ్డాక పొత్తు కింది ఆకులు గీసి పశువులకి వేయండి. గింజ పూర్తిగా ముదిరాక పొత్తు పైన తల కూడా కోసేయవచ్చు. ఈ ఒక్క పనితో లోపలికి వెలుతురు ఎంత వస్తుందో మీరే చూస్తారు.

ఇక పురుగు. చేదు అన్నారు కాబట్టి అది ముక్కు పురుగే. తొలిచిన దుంప ఆ గాయానికి చేదు పదార్థాలు పుట్టిస్తుంది, అందుకే పురుగు ఉన్న వైపు కోసేసినా మిగతాది కూడా చేదుగానే ఉంటుంది. దాన్ని పిల్లలకి గానీ పశువులకి గానీ పెట్టకండి. దుంప లావెక్కేటప్పుడు బోదె పగులుతుంది, ఆ పగుళ్ళలోంచే పురుగు దిగుతుంది. నాటిన నెలకి ఒకసారి, రెండు నెలలకి ఇంకోసారి బోదె మీదికి మట్టి ఎగదోసి పగుళ్ళు మూసేయాలి. పోయినేడు వేసిన మడిలో ఈసారి వేయొద్దు. పాత తీగ, పుచ్చిన దుంపలు ఒక్కటి కూడా చేలో వదలకుండా ఏరి తగలబెట్టండి. లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని పట్టేవి) దొరికితే మంచిది. అన్నిటికంటే ముఖ్యం, కోతకొచ్చిన దుంపని నేలలో ఉంచేసి రేపు చూద్దాం అనుకోకూడదు.

ఇంకొకరు (పెద్దాపురం వైపు నుంచి):

ఆయన చెప్పినవన్నీ సరైనవే, నాదొక మాట. చిలగడదుంప నేలలో నిలవ ఉండదు, కర్రపెండలం ఉంటుంది. ఆషాఢ, శ్రావణాల్లో పాతగింజ అయిపోయి కొత్తగింజ రాని రోజులున్నాయి చూశారూ, వాటి కోసం ఒక పది పదిహేను సెంట్లలో కర్రపెండలం వేసి పెట్టండి. మూడడుగులకొక ముచ్చు, అంటే నాటే కాండం ముక్క, పడుతుంది, మొదటి మూడు నెలలు అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఆ సందులో సామ గానీ తక్కువ రోజుల జొన్న గానీ ఒక సాలు వేస్తే దాని కోత అయ్యేసరికి కర్రపెండలం గొడుగు పడుతుంది. నైజీరియా రైతులు మొక్కజొన్న, కర్రపెండలం ఇలాగే కలిపి వేస్తారు.

రెండు జాగ్రత్తలు. ఆకు మీద పసుపు మచ్చలు పడి ముడుచుకున్న మొక్క నుంచి ముచ్చు తీసుకోవద్దు, అది మొజాయిక్ తెగులు, ముచ్చుతోనే వచ్చేస్తుంది. రెండోది, సగ్గుబియ్యం మిల్లుకి వేసే చేదు రకాలు ఇంటికి వద్దు. తినే రకమైనా పచ్చిగా ఎప్పుడూ తినకూడదు. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో మూత పెట్టకుండా ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. అందులో సైనైడ్ తయారయ్యే పదార్థం ఉంటుంది. పచ్చి ఆకు, తొక్కలు మేస్తే మేకలు చచ్చిపోతాయి, కంచె లేకుండా వేయొద్దు.

ఇంకొకరు:

నేను పిల్లల తిండి గురించి రాస్తున్నాను. దుంప ఎలాగూ వేస్తున్నారు కదా, కొన్ని బోదెలైనా నారింజ రంగు కండ ఉన్న రకం వేయండి. తెల్ల దుంపలో విటమిన్ ఎ దాదాపు లేనట్టే. భూ సోనా అని ఒక రకం ఉంది, కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థది, 100 గ్రాముల దుంపలో సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) ఉంటుంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం తిరువనంతపురంలో ఉన్నా, ప్రాంతీయ కేంద్రం భువనేశ్వర్‌లోనే ఉంది, మీకు దగ్గర. మీ ఉద్యాన అధికారిని అడిగితే తీగ ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. ఆఫ్రికాలో ఇలాంటి దుంపల మీద పనిచేసినవాళ్ళకి 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన దగ్గర ఇది ఇంకా సంతలో కూడా కనిపించకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఉడికించి పెట్టేటప్పుడు ఒక చెంచా నూనె గానీ నాలుగు వేరుశెనగ గింజలు గానీ తోడుంటే ఆ విటమిన్ ఒంటికి పడుతుంది. లేత ఆకు పప్పులో వేసుకోవచ్చు. కానీ జొన్న, దుంప రెండూ కడుపు నింపుతాయి తప్ప పిల్లలకి కావలసిన మాంసకృత్తులు ఇవ్వవు, ముఖ్యంగా దుంపలో చాలా తక్కువ. కాబట్టి కంది వదలకండి. పొద్దున చోడి (రాగి) అంబలి కూడా మానొద్దు, సున్నం (కాల్షియం) అందులోనే ఎక్కువ.

అడిగినవారు:

కంది ఎక్కడ పెట్టమంటారు? తీగ ఎండాకాలం ఎలా కాపాడాలి? ప్రతి ఏడూ అడుక్కోవాల్సొస్తోంది.

జవాబు:

కంది మొదటి రెండు నెలలు కనిపించదు, జొన్న కోశాక ఒక్కసారిగా కమ్ముకుంటుంది. అది అక్టోబరులో, మీ దుంప ఊరే సమయంలో. అందుకని బోదెల మధ్య మాత్రం పెట్టకండి. చేను చుట్టూ గట్టు మీద, లోపల కావాలంటే ప్రతి నాలుగో జంటలో ఒక జొన్న సాలు తీసేసి ఆ చోట కంది. నీడ తప్పని చోటికి ఇంకో దారి కూడా ఉంది, చెట్ల కింద ఉన్న ముక్కలో చిలగడదుంపకి బదులు చేమ వేయండి, అది నీడ ఓర్చుకుంటుంది. నిజామాబాద్ వైపు పసుపులో జొన్న వేసేది కూడా ఇదే లెక్క, పసుపుకి కాస్త నీడ ఉన్నా ఇబ్బంది లేదు.

తీగకి, స్నానాల నీళ్ళు పారే చోట మంచమంత మడి చేసి నవంబరులోనే పురుగు లేని మొక్కల కొసలు నాటుకోండి. కోళ్ళు, మేకలు రాకుండా ముళ్ళకంప కట్టండి. ఏప్రిల్‌లో ఆ మడి నుంచి కోసి ఇంకో పెద్ద మడి చేస్తే జూలైకి మీ చేనుకి సరిపడా తీగ ఉంటుంది.

తవ్వే ముందు పరీక్ష ఎలాగంటే, నాటిన 90 రోజులకి చేలో నాలుగు చోట్ల ఒక్కో మొక్క పెరికి చూడండి. ఒక దుంప కోసి గాలికి వదలండి. కోసిన చోట పాలు త్వరగా ఆరి తెల్లగా ఉంటే కోతకొచ్చినట్టు, పచ్చగా నల్లగా మారితే ఇంకో రెండు వారాలు ఆగండి. తవ్విన దుంపలు కడగకండి, గాయపడ్డవి ముందు వండేసుకుని మిగతావి నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి, పొడి ఇసుకలోనో బూడిదలోనో పొరలు పొరలుగా పేర్చండి. ఈసారి అరెకరంలోనే వేసి చూడండి, మిగతాది మీకు అలవాటైన పంటే ఉండనివ్వండి. ఆ నాలుగు మొక్కలు పెరికినప్పుడు ఫోటో ఇక్కడ పెట్టండి, ఊరిన తీరు చూసి పొటాష్ సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.