అప్‌డేట్: షార్ట్‌వేవ్ రేడియోలో సేవ్ చేసిన స్టేషన్లు

రాత్రి సేవ్ చేసిన స్టేషన్ పొద్దున నొక్కితే గరగర తప్ప ఏమీ రావడం లేదు, మెమరీ చెరిగిపోతోందా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మెమరీ బాగానే ఉంది. స్క్రీన్ మీద ఫ్రీక్వెన్సీ సరిగ్గానే కనిపిస్తోంది, ఆ వేళకు సిగ్నలే అందడం లేదు.

ఇప్పుడు మెమరీ పేజీలను (సేవ్ చేసిన స్టేషన్ల గుంపులను) వేళను బట్టి విడగొట్టాను. రాత్రి పేజీలో ఆ వేళ బాగా అందే 49, 41 మీటర్ల బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీల శ్రేణులు), పగటి పేజీలో పగలు అందే 19, 16 మీటర్లవి. స్టేషన్ సేవ్ చేయడానికి బటన్ నొక్కి పట్టుకుంటే నంబర్ మినుకుమంటుంది, అప్పుడు ఖాళీ నంబర్ ఎంచుకుని మళ్లీ నొక్కాలి. అంకె మినుకుమనడం ఆగి నిలకడగా వెలిగితేనే సేవ్ అయినట్టు. ఇది చెప్పినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, మాన్యువల్‌లో ఇంత స్పష్టంగా లేదు.

ఒకే స్టేషన్‌కి రెండు మూడు ఫ్రీక్వెన్సీలు పక్కపక్కనే పెట్టుకోమన్న సలహా అన్నిటికన్నా పనికొచ్చింది. ఒకటి మసకబారితే పక్క నంబర్‌లో వినిపిస్తోంది, వెతుక్కునే టెన్షన్ లేదు.

మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో ప్రసారాల షెడ్యూళ్లు మారతాయి కాబట్టి అప్పుడు రెండు పేజీలూ మళ్లీ సరిచూస్తాను.